మిలట్రీ అత్తా, ఆవిడ కొత్త కోడళ్ళూ

మొన్న మా ఊరి హైస్కూల్లో ఒక మీటింగు పెట్టారు. మాజీ సైనికుల కుటుంబాలకి అవగాహన సదస్సట. విజయనగరం నుంచి ఒక అమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. గోడ మీద బొమ్మలు వేస్తూ, సైన్యం నుంచి తిరిగొచ్చిన మనిషితో ఇంట్లోవాళ్ళూ ఊళ్ళోవాళ్ళూ ఎలా మెలగాలో ఒక్కొక్కటే చెప్పింది. నిద్రపోతున్నవాణ్ణి తట్టి లేపకండి, దూరంగా నిలబడి పేరు పెట్టి పిలవండి. యుద్ధం కబుర్లు మీరుగా అడగకండి. గుమ్మం కనిపించేలా కూర్చుంటానంటే కూర్చోనివ్వండి. నిద్ర పట్టకపోయినా, కోపం ఆగకపోయినా అది పొగరు కాదు, పిచ్చీ కాదు, డాక్టరుకి చూపించండి.

పాపం, ఎంతో ఓపికగా చెప్పింది. మా ఊరివాళ్ళు మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుని ముసిముసిగా నవ్వుతున్నారు. ఆ అమ్మాయి చిన్నబుచ్చుకుంది. అప్పుడు ముందు వరసలో ఉన్న నాయుడు మావ లేచాడు.

"అమ్మా, ఏటనుకోకు. నువ్వు సెప్పినవన్నీ మాకు తెలిసినవే. తిట్లు నేకుండా ఇనడం మాత్రం ఇదే మొదలు."

తిట్లతో చెప్పిన మనిషి పోయి రెండేళ్ళయింది. ఆవిడెవరని ఆ అమ్మాయి అడిగితే సరిగ్గా చెప్పగలిగినవాడు మాలో ఒక్కడూ లేకపోయాడు. ఒకడు గయ్యాళన్నాడు. ఒకడు డాక్టరన్నాడు. ఒకావిడ ఏడ్చేసింది. అందుకని, గరివిడిలో మందుల షాపు పెట్టుకుని డాక్టర్ల చీటీలు చదవడం తప్ప రాయడం అలవాటు లేని నేను, ఇది రాయడానికి కూర్చున్నాను.

ఊరంతా ఆవిణ్ణి మిలట్రీ అత్త అనేవారు. మిలట్రీలో చేసింది ఆవిడ కాదు, వాళ్ళాయన. ఆయన ఏదో సరిహద్దు యుద్ధం చూసొచ్చాడు. నా చిన్నతనంలో అరుగు మీద గోడకి వీపు ఆనించి, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చునేవాడు. ఆయన పోయాక ఆయన మాట్లాడని మాటలన్నీ కూడా కలిపి అత్తే మాట్లాడేది.

మనిషి ధాన్యం గాదెలా ఉండేది. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర కాస్త వంకర. మా వైపు పెద్ద వయసు ఆడవాళ్ళు కొందరు చుట్ట తిరగేసి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటాం. అత్త నోట్లో అడ్డపొగ ఉన్నంతసేపూ ఊరు క్షేమం. తీసి చేత్తో పట్టుకుందంటే ఎవరికో మూడిందన్నమాట.

మా ఊళ్ళో రెండిళ్ళకొకడు మిలట్రీలో ఉంటాడు. సెలవు మీద వచ్చినప్పుడు వాళ్ళ వైభోగమే వేరు. నాటుకోడి కోసేవాళ్ళు కోస్తారు, వాడు తెచ్చిన సీసా చుట్టూ చేరేవాళ్ళు చేరతారు. నెలో రెండు నెలలో గడిచేసరికి వాడు వెళ్ళిపోతాడు, అందరూ కళ్ళు తుడుచుకుంటారు. అదే మనిషి పింఛను తీసుకుని పూర్తిగా వచ్చేస్తే, నాలుగో నెల నుంచీ వాణ్ణి ఏం చేసుకోవాలో ఎవరికీ తెలిసేది కాదు. అత్తకి మాత్రం తెలుసు.

"సెలవుకొచ్చినోడు సుట్టవురా," అనేది. "ఉండిపోడానికొచ్చినోడు కొత్త కోడలు. కొత్త కోడల్ని ఎలాగ సూస్తారు? ఏ గిన్ని ఎక్కడున్నాదో ఆడికి తెల్దు. ఏ మాటకి ఎవుడు నవ్వుతాడో తెల్దు. పెరట్లోకెల్లి ఏడిస్తే సూడనట్టు ఊరుకోవాల. ఏడాది దాకా వంకలెట్టకూడదు."

అప్పటి నుంచి మా ఊళ్ళో ఆరడుగుల హవల్దారు రిటైరై వచ్చినా సరే, "ఈ నెల్లో కొత్త కోడలు దిగుతాదట" అనుకునేవారు.

ఒకసారి టీ కొట్టు దగ్గర ఇలాంటి కొత్త కోడలొకడు గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. నాయుడు మావ ఉత్సాహంగా పక్కకి జరిగి, "ఒరే, నిజం సెప్పు, అక్కడ ఎంతమందిని ఏసీసినావు?" అని అడిగాడు. వాడు తాగకుండానే గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. అటుగా గడ్డిమోపుతో పోతున్న అత్త ఆగి, మోపు దించి, నోట్లోంచి చుట్ట తీసింది.

"ఓ నాయుడన్నా! పెళ్ళయిన కొత్తలో మా వదిన నిన్ను ఎన్నిసార్లు ఇంట్లోంచి గెంటీసిందో ఈళ్ళందరికీ సెప్పు. ఒక్కటీ ఒగ్గీకుండా సెప్పు. నీది అయిపోయాక ఆడు సెప్తాడు."

నాయుడు మావకి టీ పొరమారింది. "అది... మా ఇంటి ఇసయం కదే!"

"ఆడిదీ ఆడి ఇసయవే," అని మోపెత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ తరువాత మా ఊళ్ళో ఆ ప్రశ్న అడిగినవాడు లేడు. సమాధానం తెలుసుకోవాలని లేక కాదు, తిరుగు ప్రశ్నకి భయపడి.

ఇవన్నీ నేను వినోదంగా చూసినవాణ్ణే. మా తమ్ముడు సూరిబాబు వచ్చేదాకా.

సూరి పదిహేడేళ్ళు చేసి వచ్చాడు. ఆఖరి రెండేళ్ళూ మంచుకొండల్లో ఉన్నాడు. అక్కడ జరిగిన ఒక దాడిలో వాడి పక్కనున్న మనిషి పోయాడని వాళ్ళ యూనిట్ స్నేహితుడు ఫోన్లో చెప్తే తెలిసింది. వాడు మాకు చెప్పలేదు. మేము కూడా ఆ మాట మనసులో పెట్టుకోకుండా స్వాగతం ఏర్పాట్లలో పడ్డాం. మెయిన్ రోడ్డు మీద బస్సు దిగేచోట పెద్ద ఫ్లెక్సీ కట్టించాను. అందులో సూరి వెనక ఒక ట్యాంకు, పైన ఒక విమానం, పక్కన ఒక పులి. డప్పులవాళ్ళు వచ్చారు. అట్టపెట్టె నిండా సీమటపాకాయల మాలలు తెచ్చాను.

బస్సుకి ఇంకా పావుగంట ఉందనగా అత్త వచ్చింది. ఫ్లెక్సీకేసి చూసింది. "ఆ పులి ఎవరిదిరా?" అని అడిగింది. నేను చెప్పేలోగా ఆ అట్టపెట్టె చూసి, మూత ఎత్తి చూసి, మూత వేసి, దాని మీద కూర్చుండిపోయింది.

"అత్తా, అవి టపాకాయలు. లే."

"లెగను."

"బస్సొచ్చేస్తుంది అత్తా!"

"రానీ. నలుగురూ పట్టి నన్ను లేపండి, తరువాత మీ ఇష్టం."

ప్రయత్నించాం. నేనూ, ఇద్దరు డప్పులవాళ్ళూ, నాయుడు మావా కలిసి ప్రయత్నించాం. గాదె కదలలేదు. పైగా కింద పెట్టె నొక్కుకుపోయి ఆవిడ ఇంకో జానెడు కిందికి దిగింది. నాకు ఒళ్ళు మండింది. ఊరందరి ముందూ పరువు పోతోందని కేకలేశాను. అత్త చుట్ట తీయకుండానే, పళ్ళ బిగువున, "ఆ సప్పుడికి ఆడు ఎక్కడికి ఎల్లిపోతాడో నీకు తెల్దురా. బస్సు దిగిన మనిసి ఊర్లో దిగాల, మళ్ళీ అక్కడ దిగకూడదు" అంది.

అర్థం కాలేదు. అర్థమయ్యేలోగా బస్సు వచ్చింది. సూరి దిగాడు, దండ వేశాం. డప్పు మొదటి దెబ్బకే వాడి భుజాలు బిగుసుకోవడం చూశాను. చూసి, ఎండకేమో అనుకున్నాను.

అసలు సంగతి నాలుగు నెలల తరువాత బయటపడింది. చుట్టాల పెళ్ళి. టెంటు కింద బల్లల మీద భోజనాలు. అందరం పులిహోర దగ్గరున్నాం. వంటలవైపు ఎవరో రేకు తడకని ఎత్తి పక్కకి పెట్టబోయి వదిలేశారు. ధడేలుమంది. కళ్ళు మూసి తెరిచేలోగా మా సూరి పక్కనున్న వాడి భార్య గౌరిని నేల మీదికి లాగి, పైన బోర్లా పడి, తల మీద చేతులు అడ్డం పెట్టేశాడు. బల్ల తిరగబడింది. సాంబారు బకెట్టు ఇద్దరి మీదా ఒలికింది. తరువాత పెళ్ళిపందిరంతా పగలబడి నవ్వింది. "ఓలమ్మా, ఇంత తొందరేటి బాబూ!" అని ఎవరో అన్నారు. నేనూ నవ్వాను. అది దాచుకోను.

సూరి లేచి, సాంబారు కారుతున్న చొక్కాతోనే నడిచి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి నలుగురిలోకి రావడం మానేశాడు. పొలంలో పాకలోనే ఉండేవాడు. గౌరి అన్నం తీసుకెళ్తే ఒకరోజు మాట్లాడేవాడు, ఒకరోజు గసిరేవాడు. ఒకరోజు కంచం గోడకేసి కొట్టాడు. ఆ పిల్ల బట్టలు సర్దుకుని బొబ్బిలిలో కన్నవారింటికి వెళ్ళిపోయింది. మా అమ్మ భూతవైద్యుడికి కబురు పెట్టింది.

భూతవైద్యుడి కంటే ముందు అత్త వచ్చింది. వాకిట్లోనే చుట్ట తీసింది.

"వదినా, ఆ ఏపమండలోడు గానీ ఈ ఈదిలో అడుగెట్టినాడంటే ఆడి మండలు ఆడి ఈపుకే. ముందే సెప్తన్నాను."

"మరేటి సెయ్యమంటావు వదినా? గాలి సోకినట్టున్నాది," అని అమ్మ ఏడ్చింది.

అత్త అరుగు మీద కూర్చుని వంకర చెయ్యి ముందుకి చాపింది. "ఇది సూడు. నూతికాడ జారి పడిపోనానని గదా అందరికీ సెప్పినాను? పడిపోనేదు. మీ అన్నయ్య ఇరిసీసినాడు. మద్దినేళ కునుకు తీస్తన్నాడు. అన్నం సల్లారిపోతాదని బుజం పట్టుకుని కుదిపీసినాను. కళ్ళు తెరవకుండానే ఇసిరీసినాడు. కళ్ళు తెరిసి నన్ను సూసి, గోడకేసి తల కొట్టుకున్నాడు. నా సెయ్యి మూడు నెల్లకి అతుక్కున్నాది. ఆయన మరి బతికినన్నాళ్ళూ నా పక్కన తొంగోనేదు. మళ్ళీ ఏటి ఇరిసీస్తానోనని."

అమ్మ ఏడుపు ఆగిపోయింది. అత్త ఆ చేత్తోనే చీర కుచ్చిళ్ళు సర్దుకుని లేచి, "గాలీ నేదు, దూళీ నేదు. రేపు ఆడిని నాను తీసుకుపోతాను" అంది.

మర్నాడు పొద్దున్నే పొలానికి కుంటుకుంటూ వెళ్ళింది. దారిలో నేను ఎదురుపడితే కన్ను కొట్టింది. ఆవిడ కన్ను కొట్టడం నేను చూడటం అదే మొదటిసారి.

"ఒరే సూరీ, నా మోకాలు పట్టీసింది. విశాపట్నంలో మిలట్రీ ఆసుపత్రికెల్లాల. తీసుకెల్లీవోడు నేడు. నువ్వొస్తావా, నన్ను పాక్కుంటూ పొమ్మంటావా?"

సైనికుడి భార్యగా ఆవిడకి అక్కడ వైద్యం ఉంది. సూరి లేచి చొక్కా వేసుకున్నాడు. తనకి సాయం కావాలా అని ఎవరైనా అడిగితే వాడు మొహం తిప్పుకునేవాడు. సాయం చెయ్యమంటే కాదనడం వాడికి రాదు. ఆ సంగతి పదిహేడేళ్ళ మిలట్రీకి తెలుసు, అత్తకి తెలుసు, ఇంట్లో పుట్టిన మాకు తెలియలేదు.

ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు. డాక్టరు ఫిల్మ్‌ని వెలుతురుకి పెట్టి చూసి, "అమ్మా, మీ మోకాళ్ళు నా మోకాళ్ళ కంటే బాగున్నాయి" అన్నాడట.

"సల్లగుండు బాబూ. మరి ఇంత దూరం వచ్చి ఉత్తినే ఎల్లిపోతే బాగోదు. ఈడికి నిద్దర పట్టదు. అలాటోల్లని సూసే డాట్రుబాబు పక్క గదిలో ఉన్నాడట గదా, అటు పంపండి."

సూరి తేరుకునేలోగా వాణ్ణి ఆ గదిలోకి తోసి, బయట బల్లని తలుపుకి అడ్డంగా లాక్కుని కూర్చుంది. ఆవిడ లేస్తే తప్ప ఆ తలుపు తెరుచుకోదు. ఆవిడ గంట సేపు లేవలేదు.

అలా పదిహేను రోజులకొకసారి వెళ్ళేవారు. సూరి వేసుకోవలసిన మాత్రల చీటీ నా షాపుకి వచ్చేది. అత్త మోకాలికి మాత్రం ఏ చీటీ లేదు. "ఒక నూనె ఇస్తాను, రాసుకో అత్తా" అన్నాను ఒకరోజు నవ్వాపుకుంటూ. "నీ షాపు వాసనే నాకు పడదు, పో" అంది.

నాలుగో నెలలో అనుకుంటాను, గరివిడి స్టేషన్లో ఇద్దరూ విజయనగరం పాసింజరు కోసం కూర్చున్నారు. సూరి టిక్కెట్లకి వెళ్ళాడు. వాడు వచ్చేలోగా బండి వచ్చింది, కదిలింది కూడా. అత్త ఒక్క ఉదుటున లేచి, చీర ఎత్తిపట్టి, ప్లాట్‌ఫారం మీద జింకలా పరుగెత్తి, కమ్మీ అందుకుని పెట్టెలోకి ఎక్కేసింది. ఎక్కాక గానీ తన మోకాలు గుర్తు రాలేదు. గుమ్మంలోంచి వెనక్కి తిరిగి, దూరమైపోతున్న సూరిని చూసి, మోకాలు పట్టుకుని "ఓలమ్మో!" అని మూలిగిందట.

సూరి టిక్కెట్లు పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడిపోయాడు. అక్కణ్ణుంచి తిన్నగా నా షాపుకి వచ్చాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. నేను కంగారుపడి కౌంటరు దాటి వచ్చాను. వాడు నవ్వుతున్నాడు. ఊరు వచ్చాక అప్పటిదాకా వాడు నవ్వడం నేను చూడలేదు. స్టూలు మీద కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వి, లేచి అత్త పరుగెత్తిన తీరు రెండుసార్లు చేసి చూపించాడు.

"అయితే ఇన్నాళ్ళూ నీకు తెలీదన్నమాట," అన్నాను.

"మొదటిరోజే తెలిసిపోయిందన్నా. ఎల్లినప్పుడు కుడికాలు కుంటింది. వచ్చినప్పుడు ఎడంకాలు."

"మరి తెలిసీ ఎందుకెళ్ళావురా?"

సూరి ముఖం తుడుచుకున్నాడు. "అంత పెద్ద మనిసి నా కోసం అంత దూరం కుంటతంటే, ఎల్లకుండా ఎలాగన్నా?"

ఆ పై విడత నుంచి వాడు ఒక్కడే వెళ్ళాడు. అత్త మోకాలు తరువాత మా ఊరి నుంచి ఇంకో ఇద్దర్ని విశాఖపట్నం తీసుకెళ్ళింది.

గౌరి సంగతి తేల్చడానికి అత్త బొబ్బిలి కూడా వెళ్ళింది. నేనూ వెంట ఉన్నాను. సర్దుకుపొమ్మని చెప్తుందనుకున్నాను. చెప్పలేదు.

"సెయ్యెత్తితే మరి ఆ గుమ్మంలో ఉండకు. నానే వచ్చి నిన్ను ఇక్కడ దింపుతాను. కేకలేస్తే మాత్రం, ఆ కేక నీ మీద కాదనుకో. ఎవుడి మీదో ఎయ్యాల్సింది, ఆడు ఎదురుగా నేడు, నువ్వున్నావు."

"ఆయన కేకలేస్తే పడతాను పిన్నీ," అంది గౌరి. "మాటాడడు. అదే పడలేకపోతన్నాను."

అత్త ఆలోచించింది. "అయితే సిక్కుడుకాయలు ఒలు."

"ఏటి?"

"ఆడి పక్కన కూకోని సిక్కుడుకాయలు ఒలు. ఆడికీ ఒక గుప్పెడు పడీ. ముకం సూసి మాటాడమంటే మొగోడి నోరు రాదు. సేతిలో పనుండి, కళ్ళు కిందికుంటే ఎప్పుడో ఒకప్పుడు వస్తాది."

గౌరి వచ్చింది. మూడు నెలలు మా ఇంట్లో చిక్కుడుకాయ కూర తప్ప మరోటి లేదు. చిక్కుడుకాయ వేపుడు, చిక్కుడుకాయ పులుసు, చిక్కుడుకాయా ఎండురొయ్యా. చిక్కుళ్ళ కాలం అయిపోతే అనపకాయలు. అవీ అయిపోతే చింతపండుకి గింజలు తీయడం. నాకు కలలో కూడా తీగలే కనిపించేవి. అమ్మ ఒకరోజు విసుగెత్తి ఆ చేట దాచేస్తే, గౌరి వెతికి తెచ్చుకుంది. ఒక మధ్యాహ్నం నేను పెరటి గుమ్మం దాకా వెళ్ళి, వాళ్ళిద్దరినీ చూసి వెనక్కి వచ్చేశాను. సూరి కళ్ళు చేటలో ఉన్నాయి. నోరు కదులుతోంది. గౌరి చెయ్యి ఆగిపోయింది గానీ తల ఎత్తలేదు. ఏం చెప్పాడో గౌరి మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు.

సూరి పూర్తిగా మారిపోయాడని చెప్తే అబద్ధం. ఇప్పటికీ గుమ్మానికి ఎదురుగానే కూర్చుంటాడు. దీపావళికి గౌరినీ, ఆ తరువాత పుట్టిన కూతుర్నీ తీసుకుని ఊరికి దూరంగా పొలంలోకి పోతాడు. కానీ మొక్కజొన్న వేస్తాడు, పెళ్ళిళ్ళకి వస్తాడు, ఎవరైనా ఆ సాంబారు కబురెత్తితే తనే ముందు నవ్వుతాడు.

అత్త ఆఖరి నెల మంచం మీదే ఉంది. ఆవిడ ఒక్కగానొక్క కూతురు అరసవల్లి నుంచి వచ్చి చూసుకునేది. పగటిపూట గంజి తాగించే పని సూరిది. వేరేవాళ్ళు పోస్తే తాగేది కాదు. ఒకరోజు మాత్రలు ఇవ్వడానికి వెళ్ళి నేనూ కూర్చున్నాను. సూరి గ్లాసు పట్టుకుని చెంచాతో పోస్తున్నాడు. ఎన్నాళ్ళ నుంచో అడగాలనుకున్నది నోటికి వచ్చేసింది.

"అత్తా, ఇవన్నీ నీకు ఎవరు చెప్పారు? మావకి కూడా ఇలాగే చేశావా?"

అత్త గంజి చెంచాని పక్కకి తోసింది. మాట సన్నబడిపోయింది అప్పటికి.

"మీ మావని భూతవైద్యుడికాడికి తీసుకెల్లింది నానేరా. అందరూ గాలన్నారు, నానూ గాలనుకున్నాను. ఆడు ఏపమండల్తో బాదతన్నాడు. మీ మావ కదిల్నేదు. మడవలు దగ్గరెట్టి, సేతులు కిందికి సాపి, ఆపీసరు ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు. దెబ్బలన్నీ అయ్యాక నాకేసి సూసినాడు. ఆ సూపుకి అర్తం నాకు తెలిసీసరికి ఆయన నేడు." ఊపిరి తీసుకుంది. "మీ మావకి నాను ఏటేటి సెయ్యనేదో, అవేరా మీకందరికీ సెప్పినవి."

నేను తల వంచుకున్నాను. సూరి మాత్రం చెంచా గ్లాసులో పెట్టి, అత్తకేసి తిన్నగా చూశాడు.

"వదిలీసి ఎల్లిపోనేదు గదత్తా. అన్నేళ్ళూ అదే అరుగు మీద, మావ పక్కన కూకున్నావు. మాలాటోల్లకి అది తెలుస్తాది. మావకీ తెలిసే ఉంటాది."

అత్త కళ్ళు మూసుకుంది. రెప్పల కింద నుంచి నీరు చెవి దాకా జారింది. తుడవబోతే వంకర చేత్తో వాడి చెయ్యి తోసేసింది.

"ఆ కబుర్లకేం గానీ," అంది. "గంజిలో ఉప్పెయ్యడం మర్సిపోయినావు, ఎదవా. ముందది సూడు."